చీర మీద నుంచి విన్న గుండె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దమ్మ నాకు పరిచయమైంది ఆ కోపం వల్లే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

డర్బన్‌కి దక్షిణాన సముద్రపొడ్డు ఊరైన పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఒక శనివారం పొద్దున కూరగాయల కొట్లో వంకాయలు ఏరుతున్నాను. పైకి నిగనిగలాడుతున్నాయి, తిప్పి చూస్తే పుచ్చులు. నేను ఆ దేశం వెళ్ళి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నా భాష అక్కడ ఎవరికీ రాదనే ధైర్యం మెండుగా ఉండేది. కొట్టువాణ్ణీ, వాడి వంకాయల్నీ, వాటిని పండించినవాణ్ణీ కలిపి తెలుగులో కడిగేశాను. వెనకనుంచి ఎవరో నెమ్మదిగా అన్నారు: "అట్టా తిట్టకూడదు నాయినా. ఆడు మా సర్చి మనిషి."

తిరిగి చూస్తే అరవై దాటిన ఆవిడ. గౌను, దాని మీద ఉన్ని కోటు, చేతిలో బుట్ట. మా అమ్మమ్మ మాట్లాడే మాటే అది, ఆ సాగదీతతో సహా. సిగ్గుతో వంకాయ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ నా చేతిలో వంకాయ లాక్కుని పక్కన పడేసి, గంప అడుగునుంచి మంచివి నాలుగు ఏరి ఇచ్చింది. ఏ ఊరు మీది అని అడిగింది. చెప్పాను. ఆ ఊరూ తెలియదు ఆవిడకి, జిల్లా కూడా తెలియదు. చెరుకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన తాతది "తెలుగూరు" అని మాత్రం తెలుసు. ఆ మర్నాడు ఆదివారం, సర్చి అయ్యాక వచ్చి బువ్వ తినమంది. నేను పెద్దమ్మా అని పిలిచాను, ఆవిడ అబ్బాయి అంది. చుట్టరికం కలవడానికి పది నిమిషాలు పట్టలేదు.

నేను అక్కడికి అరగంట దూరంలో, లోపలికి ఉన్న ఒక చిన్న గవర్నమెంటు ఆస్పత్రిలో డాక్టర్ని. తెల్లవాళ్ళ పాలన పోయి, అన్ని రంగులవాళ్ళూ ఓట్లేసి కొత్త ప్రభుత్వాన్ని తెచ్చుకుని అప్పటికి మూడు నాలుగేళ్ళు. అంతకుముందు రంగును బట్టి ఆస్పత్రులు వేరుగా ఉండేవట. ఇప్పుడు అందరికీ ఒకటే తలుపు, ఒకటే క్యూ. ఆ క్యూ చూసుకోవడానికి డాక్టర్లు చాలక మా ఆంధ్రానుంచి నాలాంటి వాళ్ళని పిలిపించుకున్నారు. ఏటా కాంట్రాక్టు పొడిగించాలి. గుండె స్పెషలిస్టునేం కాదు నేను. కాన్పులు, కత్తిపోట్లు, క్షయ, విరిగిన చేతులు, ఏది వస్తే అది చూసేవాణ్ణి.

పెద్దమ్మ కూతురితో ఉండేది. కూతురు స్కూల్ టీచరు, ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు. కొడుకు డర్బన్ పక్కన మొబేనిలో ఏదో ఫ్యాక్టరీలో పని, నెలకోసారి వచ్చేవాడు. అంతకుముందు వీళ్ళందరూ ఆ పక్కనే క్లెయిర్‌వుడ్‌లో కూరగాయలు పండించుకుంటూ బతికిన మనుషులు. చుట్టూ లారీ షెడ్లు, గోడౌన్లు వచ్చిపడ్డాక తోట పోయింది, ఇల్లూ పోయింది. ఆవిడతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆఖరుగా పోయింది భర్త.

అక్కణ్ణుంచి నా ఆదివారాలు ఆ ఇంట్లోనే. ఆవిడ గంజిపెట్టిన తెల్లచీరలో సర్చినుంచి వచ్చేది, ఆ చీర మార్చకుండానే వడ్డించేది. ఆకుకూరని హెర్బ్స్ అనేది, అన్నాన్ని బువ్వ అనేది, కూతుర్ని మాత్రం స్వచ్ఛమైన తెలుగులో తిట్టేది. అర్థం కాకపోయినా ఆ అమ్మాయికి కోపం వచ్చేది. నాకు భలే సరదాగా ఉండేది. ఇంటికి దూరంగా ఉన్నవాడికి తిట్లు కూడా తియ్యగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

చలికాలం మొదలయ్యే రోజుల్లో ఆవిడకి జ్వరం పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి వస్తుంది, చెమట పట్టి పోతుంది. "వయసు నాయినా. ఏజ్. జొరం వస్తాది, పోతాది," అని కొట్టిపారేసింది. నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. కారులోంచి స్టెతస్కోపు తెచ్చాను.

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వార్డులో రోజుకి నలభై మందిని చూసేవాణ్ణి. ఆడవాళ్ళు, ముసలమ్మలు, ఎవరైనా సరే, చొక్కా విప్పమనడానికి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టడానికి నాకు రెప్పపాటు కూడా పట్టేది కాదు. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ భోజనాల బల్ల దగ్గర కుర్చీలో, తెల్లచీర మెడదాకా చుట్టుకుని కూర్చుంది. "పెద్దమ్మా, కాస్త పైట తియ్యండి" అనే మాట నా గొంతులోంచి రాలేదు. ఎలా వస్తుంది? మా ఇంట్లో అయితే అలాంటి మాట ఎవరన్నా అన్నా నేనే చెంప పగలగొట్టేవాణ్ణి. వెనక్కి తిరగమన్నాను. రవిక మీదనుంచే వీపుమీద అక్కడా ఇక్కడా పెట్టి ఊపిరి పీల్చమన్నాను. ముందువైపు పైట మడతల మీద, మెడ కింద ఒక్క క్షణం ఆనించి తీసేశాను. నాకు వినిపించింది గంజిచీర గరగర. ఆవిడ తల వంచుకుని ఉంది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

రక్తపరీక్ష చేయించాలంటే ఆస్పత్రి కార్డు కావాలి. ఆవిడని క్యూలో నిలబెట్టడం ఇష్టంలేక ఖాళీ కార్డొకటి తెచ్చి అక్కడే, పప్పుగిన్నె పక్కన పెట్టుకుని రాశాను. ఆ కార్డు మీద గళ్ళుంటాయి: ఊపిరితిత్తులు, గుండె, కడుపు. మూడింటి ఎదురుగా నార్మల్ అని రాసి సంతకం గిలికాను. నా చేతికి అలవాటైన మాట అది, చెయ్యే రాసేసింది. ఛాతీ పడిశం అని తేల్చి వారానికి సరిపడా యాంటీబయాటిక్ బిళ్ళలు ఇచ్చాను.

మూడో రోజుకి జ్వరం పోయింది. నా మొహం చూడాలి అప్పుడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. బిళ్ళలు అయిపోయిన అయిదు రోజులకి జ్వరం మళ్ళీ వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఆ ప్రాంతంలో పట్టువదలని జ్వరం అంటే ముందు క్షయ అనుకుంటాం. ఎక్స్‌రే తీయించాను, శుభ్రంగా ఉంది. కళ్ళె పరీక్ష చేయించాను, ఏం లేదు. టైఫాయిడ్ కాదు. మలేరియా అందామంటే అది పైన ఉత్తరాన ఉంది, ఆవిడ ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. రక్తం తగ్గింది. మూత్రంలో రక్తం జాడ కనిపించింది, దాంతో కిడ్నీలేమో అనుకున్నాను. మోకాళ్ళు నొప్పులంది, కీళ్ళవాతమేమో అనుకున్నాను. ఒక్కో కాగితం ఒక్కో వైపు లాగుతోంది. ఒక ఆదివారం అయితే అన్ని రిపోర్టులూ బల్ల మీద పరుచుకుని గంటసేపు చూశాను. ఏ రెండూ ఒక జబ్బుకి చెందినట్టు కనపడలేదు. ఆవిడ మాత్రం నా కంచంలో మరో గరిటె వేసి, "చదివింది చాలు, తిను" అంది. ఆ పూట ఆవిడ తిన్నది రెండు ముద్దలు. రవిక భుజాల దగ్గర వదులైపోయి ఉంది.

మనిషి కళ్ళముందు తరిగిపోతోంది. ఎందుకో తెలియడం లేదు. తెలియకపోతే ఆవిడ దక్కదని లోపల ఎక్కడో అర్థమవుతూనే ఉంది, ఆ భయాన్ని పైకి రానివ్వకుండా ఇంకో పరీక్ష రాసేవాణ్ణి.

కూతురు ఆ రోజు నన్ను వరండాలోకి పిలిచి ఇంగ్లీషులో అడిగింది: "డాక్టర్, దీనికి ఒక పేరంటూ ఉందా? లేకపోతే ఊళ్ళో ప్రైవేటు డాక్టరుకి చూపిస్తాను."

న్యాయమైన మాట. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నా మీద నమ్మకం లేకపోతే తీసుకెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు అని గట్టిగానే అన్నాను. లోపల్నుంచి పెద్దమ్మ వినేసింది. గుమ్మం పట్టుకుని నిలబడి కూతుర్ని కేకలేసింది. "నోరు ముయ్యి. అబ్బాయి ఉన్నాడు. ఇంకో డాక్టర్ ఎందుకు?" అంది. ఆ రెండు ముక్కలు అనేసరికే ఆయాసపడింది. నేను ఆ ఆయాసాన్ని కోపం అనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను ఓడించలేకపోయిందన్న తృప్తి కూడా కలిగింది, ఎందుకు దాచాలి. రెండోసారి బిళ్ళలు ఇచ్చి వచ్చేశాను.

అది జరిగిన పదో రోజు మధ్యాహ్నం కూతురు ఆవిడని మా ఆస్పత్రికి తీసుకొచ్చేసింది. నాకు ఫోనైనా చెయ్యలేదు. ఇంటి రెండు మెట్లు ఎక్కలేక కూర్చుండిపోయిందట. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. పెదవులు నీలం తిరిగాయి.

మా వార్డులో పెద్ద నర్సు ఒకావిడ ఉండేది, జూలూ మనిషి. నేను పుట్టకముందునుంచీ ఆ పని చేస్తోందని చెప్పుకునేవాళ్ళు. ఆవిడ వచ్చి ఆక్సిజన్ పెట్టింది, సర్రున తెర లాగింది. "గోగో, నేను నీ కూతురిలాంటిదాన్ని," అని ఇంగ్లీషులో అంటూనే రవిక హుక్కులు విప్పేసింది. గోగో అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. నేను తెర బయట నిలబడ్డాను. డాక్టర్ని నేను, నిలబడింది తెర బయట.

"డాక్టర్, ఈ గోగో తోటపని చేస్తుందా?" అని లోపల్నుంచి అడిగింది. "గోళ్ళ కింద ముళ్ళు విరిగినట్టున్నాయి."

చెయ్యదు అన్నాను. తోటపోయి ఎన్నేళ్ళో అయింది.

"అయితే లోపలికి రండి."

గోళ్ళ కింద సన్నటి ముదురెరుపు గీతలు. నెలరోజులుగా అదే చేత్తో ఆవిడ నాకు వడ్డించింది, నేను చూసింది అన్నాన్నే. నర్సు తన అరచెయ్యి పెద్దమ్మ ఎడమ రొమ్ము కింద ఆనించి ఉంచింది. "నా చేతికే తెలుస్తోంది, వణుకుతోంది. మీరు వినండి" అంది.

విన్నాను. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు శబ్దం, ప్రతి దెబ్బకీ. దానికి చెవులు కూడా అక్కర్లేదు, మెడికల్ కాలేజీ మూడో ఏడాది కుర్రాడు కూడా పసిగడతాడు. గుండెలో గదికీ గదికీ మధ్య తలుపులుంటాయి. దెబ్బ దెబ్బకీ అవి గట్టిగా మూసుకోవాలి. పెద్దమ్మకి ఎడమవైపు తలుపు మూసుకోవడం లేదు. రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నుతోంది. ఆయాసం అందుకు.

అప్పుడు కాగితాలన్నీ ఒక్కసారి కలిశాయి. తలుపు మీద క్రిమి గూడు కట్టింది, జ్వరం దానిది. ఆ గూడులోంచి రాలిన ముక్కలు గోళ్ళ కిందికి, కిడ్నీల్లోకి పోయాయి. కూతుర్ని పళ్ళ సంగతి అడిగాను. జ్వరానికి కొన్ని వారాల ముందు పుచ్చిన పన్ను పీకించుకుందట. నాకూ తెలుసు ఆ సంగతి. ఆ ఆదివారం ఆవిడ మెత్తగా కలుపుకుని తింటూంటే నేను ఎగతాళి కూడా చేశాను. పంటి చిగుళ్ళలో ఉండే క్రిమి రక్తంలోకి దిగి గుండె తలుపుని పట్టుకోవడం పాఠ్యపుస్తకంలో మొదటి పేజీ సంగతి.

ఆవిడకి నీరు దిగడానికి ఇంజక్షన్ ఇచ్చి, మూడుచోట్ల రక్తం తీసి క్రిమి పరీక్షకి పంపాను. అందులో ఏమీ మొలవదని తీస్తున్నప్పుడే అనుమానం. రెండుసార్లు నేనిచ్చిన బిళ్ళలు క్రిమిని చంపకుండా, కనపడకుండా మాత్రం దాచి ఉంటాయి. తరవాత అలాగే అయింది. ఏ క్రిమి అన్నది ఆఖరిదాకా తేలనేలేదు.

డర్బన్‌లో గుండె స్పెషలిస్టుకి ఫోన్ చేశాను. లోపలి బొమ్మ చూపించే స్కాను అక్కడే ఉంది. ఆయన అంతా విన్నాడు. "ఈ శబ్దం కొత్తదా, పాతదా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థంకాలేదు, ఎందుకన్నాను.

"కొత్తదైతే ఆ వాల్వు ఈ నెలలోనే చిరిగింది. అంటే మనిషి రోజుల్లో పోతుంది, ఆగడానికి లేదు. ఇవాళే సర్జన్లని పిలవాలి. ఆ వయసులో, ఆ జ్వరంలో ఛాతీ తెరిస్తే బల్ల మీదే పోయినా పోవచ్చు, అయినా తప్పదు. పాతదైతే ఆ గుండె లీకుకి ఏళ్ళుగా అలవాటు పడి ఉంటుంది. మందులతో లాక్కురావచ్చు, కత్తి పెడితేనే ప్రమాదం. ముందు ఎవరైనా విన్నారా?"

కార్డు నా ముందే ఉంది. గుండె, నార్మల్. నా సంతకం. దాని మూల పప్పు మరక కూడా ఉంది.

"నెల కింద నేనే చూశాను. నార్మల్ అని రాశాను," అన్నాను.

"మీరే విన్నారా?"

"నేనే."

"అయితే కొత్తది. పంపండి, సర్జన్లకి చెప్తాను," అని ఆయన పెట్టేశాడు.

ఎందుకలా అన్నానో ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు. కాంట్రాక్టు భయమా, పరువా? అబద్ధం ఆడుతున్నానన్న స్పృహ కూడా లేదు అనిపిస్తుంది ఒక్కోసారి. కార్డు మీద అలా ఉంది, నేను కార్డు చదివాను. ఫోన్ పెట్టేశాక చూస్తే నర్సు పక్కనే నిలబడి అంబులెన్సుతో పంపాల్సిన ఉత్తరం రాస్తోంది. తల ఎత్తకుండా అడిగింది: "డాక్టర్, ఆ గోగో మీ మనిషి కదా. ఆమె బట్టలు తీయించి విన్నారా ఎప్పుడైనా?"

అడిగి, మళ్ళీ రాసుకుంటూ పోయింది.

మళ్ళీ ఫోన్ అందుకున్నాను. లైను దొరకలేదు. ఇంకోసారి చేశాను, ఆయన రౌండ్సుకి వెళ్ళాడన్నారు. నా ఒక్క మాట మీద ఆవిడ ఛాతీ కోయడానికి అక్కడ కత్తులు కడుగుతున్నారు. నాలుగోసారికి దొరికాడు. "నేను వినలేదు" అన్నాను.

"వినలేదంటే?"

"చీర మీదనుంచి విన్నాను. అంటే వినలేదు. ఆవిడ నాకు పెద్దమ్మ వరస. అడగలేకపోయాను."

తిడతాడనుకున్నాను, తిట్టినా బావుణ్ణు. "అయితే ఇప్పుడు మీకూ తెలియదు, నాకూ తెలియదు," అన్నాడు. "స్కానులో గదుల సైజు చూస్తే కొంత తెలుస్తుంది, అంతా తెలియదు. ఆమెనే అడగండి. చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటారు. అంబులెన్సు బయల్దేరేలోగా అడిగి చెప్పండి."

ఇంజక్షన్ పనిచేసి పెద్దమ్మ కాస్త తేరుకుంది. తలగడలు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. నేను మంచం పక్కన స్టూలు లాక్కుని అడిగాను. చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచాయా, జ్వరంతో మంచాన పడ్డారా, డాక్టరెవరైనా గుండె గురించి ఏమన్నా అన్నారా?

ఆక్సిజన్ గొట్టం పక్కకి తోసి చెప్పింది. తొందరేం లేదు ఆవిడకి.

"పన్నెండేళ్ళు నాకు. మోకాళ్ళు వాసిపోయినాయి, మోచేతులు వాసిపోయినాయి. మూడు నెలలు మంచం. క్లెయిర్‌వుడ్‌లో డాక్టర్ వచ్చినాడు. గుండెలో తలుపు సరిగా పడదు అన్నాడు, బరువు ఎత్తద్దు అన్నాడు. మా అమ్మ ఏడిసింది. నేను తర్వాత తోటలో అన్నీ ఎత్తినాను. పిల్లల్ని కన్నాను. ఏం అవలేదు."

"ఆ తరవాత ఎవరూ చూడలేదా?"

"అందరూ చూసినారు. ప్రతి కాన్పుకీ. ప్రతి డాక్టరూ ఇక్కడ పైపు పెట్టినాడు," అని రొమ్ము కింద చెయ్యి పెట్టుకుంది. "పెట్టగానే అందరి మొహం ఒకటే రకం మారతాది."

నాకు ప్రాణం లేచివచ్చింది, అంతలోనే ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. "మరి నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? నెల్లాళ్ళుగా నేను పిచ్చివాడిలా కాగితాలు తిరగేస్తున్నానే. ఒక్క మాట చెబితే అయిపోయేది కదా," అని గట్టిగా అనేశాను. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు.

"నువ్వు అడగలేదు."

"నేను సరిగ్గా వినలేదని మీకు తెలుసా?"

"తెలుసు నాయినా. చీర మీద పెట్టినావు, తీసేసినావు. గోడ చూసినావు." ఆగి ఊపిరి తీసుకుంది. "మంచిదే అనుకున్నా. గుండె ఇంటే నువ్వు కూడా మొహం మారుస్తావు. డాక్టర్ అయిపోతావు. ఆదివారం రావు. అప్పుడు నేను ఎవరితో మాట్లాడాలి?"

అలాంటిదేం లేదు పెద్దమ్మా, ఎందుకు రాను అన్నాను. ఆవిడ విన్నదో లేదో, కళ్ళు మూసుకుంది. నేను లేచి ఫోన్ దగ్గరికి పరిగెత్తాను.

పాతది అని చెప్పాను. సర్జన్లని ఆపేశారు. స్కానులో కూడా గుండె గది ఏళ్ళ తరబడి సాగి పెద్దదై ఉంది, దానికి తోడు తలుపు అంచున క్రిమి గూడు వేలాడుతోంది. రెండూ నిజమే, పాత లీకూ కొత్త జబ్బూ. ఆరు వారాలు నరంలోకి ఇంజక్షన్లు ఇచ్చారు. మొదటి రెండు వారాలు రేపు ఉంటుందా అన్నట్టే ఉంది. తరవాత జ్వరం పోయింది, మళ్ళీ రాలేదు. ఆవిడ బతికి ఇంటికొచ్చింది. తలుపు మాత్రం అలాగే ఉంది, లీకు అలాగే ఉంది, నెలనెలా చూపించుకోవాలి.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం నేను వెళ్ళాను. సంతోషంగానే వెళ్ళాను. ఆవిడ వద్దన్నా వినకుండా తనే వండింది. నేను కూర్చున్నాను గానీ నా కళ్ళు కంచం మీద లేవు. మెడ నరాలు ఎంత ఉబ్బాయి, పాదాల దగ్గర నీరుందా, ఊపిరి నిమిషానికెన్నిసార్లు. ఆవిడ తన కంచంలో మామిడికాయ పచ్చడి వేసుకుంది. ఉప్పు మీకు విషం అని ఎన్నిసార్లు చెప్పాలి అంటూ కంచంలోంచి పచ్చడి తీసి పక్కన పెట్టేశాను. నా గొంతు వార్డులో గొంతే. కూతురు తల ఊపింది, కరెక్ట్ డాక్టర్ అంది. పెద్దమ్మ నా వైపు చూసి, ఉత్త అన్నం కలుపుకుని తింది. ఆ పూట ఎవరినీ తిట్టలేదు.

తరవాతి ఆదివారం నాకు డ్యూటీ పడింది. నిజంగానే పడింది. ఆ పై ఆదివారం పడలేదు, పడిందని చెప్పాను. ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక ముద్ద తినాలంటే, నెల్లాళ్ళ ఆదివారాలు నా తిండి నేను తిని లేచి వచ్చిన సంగతి గొంతుకి అడ్డంపడేది. ఇంకోసారి కారు బాగాలేదన్నాను. నాలుగోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆవిడే పిలవడం మానేసింది.

నెలకోసారి, మంగళవారం, ఆవిడ ఆస్పత్రికి వచ్చేది. క్యూలో అందరితో పాటు బెంచీ మీద కూర్చునేది. తన వంతు రాగానే లోపలికొచ్చి, నేను అడక్కుండానే గౌను బొత్తాలు విప్పి, కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. నేను వినేవాణ్ణి. ఎంతసేపు కావాలో అంతసేపూ వినేవాణ్ణి. ఎలా ఉన్నారు పెద్దమ్మా, ఆయాసం ఏమన్నా ఉందా అని తెలుగులోనే అడిగేవాణ్ణి.

"నో డాక్టర్. ఫైన్, థాంక్యూ," అనేది.